విమాన ప్రయాణానికి ఎంతసేపు పడుతుందో మీరే లెక్కేసుకోండి
రెండు విమానాశ్రయాల మధ్య దూరం తెలిస్తే చాలు. రోడ్డు దూరం కాదు, నేరుగా గాల్లో ఉండే దూరం చూడండి. ఆ కిలోమీటర్లను 850తో భాగించి, రన్‌వే దాకా వెళ్లడానికీ, పైకి లేవడానికీ, దిగడానికీ ఓ అరగంట కలపండి. 1,700 కిలోమీటర్లకు రెండున్నర గంటలు వస్తుంది. రెక్కలకు ప్రొపెల్లర్లుండే చిన్న విమానమైతే 500తో భాగించాలి.

దూర ప్రయాణాల్లో గాలిని తప్పకుండా లెక్కలోకి తీసుకోండి. జెట్ స్ట్రీమ్, అంటే చాలా ఎత్తులో ఉండే వేగమైన గాలి, పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. అందుకే న్యూయార్క్ నుంచి లండన్‌కు సుమారు 7 గంటలు పడితే, తిరుగు ప్రయాణానికి దాదాపు 8 పడుతుంది. దూరం మాత్రం అదే, 5,500 కిలోమీటర్ల పైచిలుకు.

టికెట్ మీద ఉండేవి ఆయా ఊళ్ల స్థానిక సమయాలు. టైమ్ జోన్ తేడా చూడకుండా ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే అనవసరమైన టెన్షన్.