యూరియా దాణా తిన్న గొర్రెపిల్ల ఉబ్బిందా? వంటసోడా పోసే ముందు టైమ్ చూడండి

మా ఆనందపురం వైపు వేరుశనగ చెక్క ధర పెరిగినప్పుడల్లా దాణాలో యూరియా కలపడం గురించి మాట వస్తుంది. అందులో తప్పేమీ లేదు, యూరియాలో 46 శాతం నత్రజనే. కాకపోతే అది నేరుగా పిల్లకు మేత కాదు. పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులకు మేత. అవి దాన్ని తిని పెరుగుతాయి, తర్వాత అవే అరిగి పిల్లకు ప్రొటీన్ అవుతాయి. ఆ సమయానికి వాటికి బెల్లం మడ్డి, నూకల్లాంటి బలం కూడా అందాలి. అందకపోతే నత్రజని అమ్మోనియాగా మారి రక్తంలోకి పోతుంది.

సమస్య: దాణా తిన్న గంటలోపే వణుకు, నోట నురగ, పళ్లు కొరకడం, ఎడమ డొక్క ఉబ్బడం

కారణం: యూరియా ఒక్కసారిగా ఎక్కువ పడింది. లెక్క తప్పినవాళ్ల కంటే కలపడం రానివాళ్లనే నేను ఎక్కువ చూశాను. విశాఖ తేమగాలికి విప్పిన బస్తా ఇట్టే గడ్డకడుతుంది. మా తొట్టిలో ఒకసారి తవుడు పక్కకు తీసి చూస్తే అడుగున శనగగింజంత తెల్లటి ఉండలు. అవి నాకిన పిల్ల పడిపోయింది, పక్కవాటికి ఏమీ కాలేదు. తొట్టిలో వాననీళ్లు నిలిచినా ప్రమాదమే. యూరియా నీళ్లలోకి దిగిపోతుంది, ముందు తాగిన పిల్లకు దెబ్బ.

పరిష్కారం: వెంటనే వెనిగర్, చల్లటి నీళ్లు పట్టించండి. పెద్ద గొర్రెకు అర లీటరు వెనిగర్, పిల్లకు బరువును బట్టి తగ్గించాలి. తల ఎక్కువ పైకెత్తకుండా కొంచెం కొంచెంగా పోయాలి. ఇప్పటికే కూలబడితే నోట్లో ఏమీ పోయకుండా పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి. ఉబ్బితే చాలు వంటసోడా కలపడం మనకు అలవాటు. ఇక్కడ అది విషానికి తోడు. సోడా పొట్టలోని పులుపును విరిచేస్తే అమ్మోనియా ఇంకా వేగంగా రక్తంలోకి ఎక్కుతుంది.

సమస్య: సగం రోజు గడిచాక, లేదా మర్నాడు మేత ముట్టదు, నెమరు లేదు, పుల్లటి వాసనతో పారుడు

కారణం: యూరియాను అనుమానిస్తారు గానీ ఇది నూకల పని. పెళ్లిలో మిగిలిన అన్నం తెచ్చి పెట్టినా ఇదే జరుగుతుంది. పొట్టలో పులుపు పెరిగి పీహెచ్ (పులుపు కొలత, పులుపు పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) 5.5 కిందికి పడిపోతుంది.

పరిష్కారం: సోడా పనికొచ్చేది ఇక్కడే. 20 కిలోల పిల్లకు 15 గ్రాములు నీళ్లలో కలిపి పట్టించండి. గింజలు ఆపి ఎండుగడ్డి మాత్రమే వేయండి. లేవలేకపోతే డాక్టరే దిక్కు.

సమస్య: జబ్బేమీ లేదు, బరువు మాత్రం పెరగదు

కారణం: వరిగడ్డిలో ప్రొటీన్ 3-4 శాతమే. మేత మొత్తంలో 7 శాతం కన్నా తగ్గితే సూక్ష్మజీవులే పస్తుంటాయి, గడ్డి అరగదు. యూరియా వేస్తున్నా పెరగకపోతే బలమైనా తక్కువై ఉంటుంది, గంధకమైనా.

పరిష్కారం: మూడు నెలలు నిండని పిల్లకు యూరియా అసలు వద్దు, దాని పొట్ట ఇంకా తయారవలేదు. ఆపై వయసు వాటికి 100 కిలోల దాణాకు కిలో దాటకూడదు. మొదట పావు కిలోతో మొదలుపెట్టి మూడు వారాల్లో అక్కడికి చేరండి. మధ్యలో నాలుగు రోజులు మానేస్తే మళ్లీ పావు కిలో నుంచే. యూరియాను నలిపి, మడ్డిలో పూర్తిగా కరిగించి, ఆ మడ్డిని తవుడుకు పట్టించాలి. కిలో యూరియాకు దాదాపు 45 గ్రాముల గంధకం పడాలి, అదీ దాణా రకానిదే. పచ్చి సోయా గింజలు మాత్రం పక్కన పెట్టండి. వాటిలోని ఎంజైమ్ యూరియాను తొందరగా విరగ్గొడుతుంది.

ఇంత లెక్క ఎందుకనుకుంటే వేరుశనగ తీగ, సుబాబుల్ ఆకు ఉన్నాయి. సుబాబుల్ మేతలో మూడో వంతు దాటితే బొచ్చు రాలుతుంది. కోళ్ల ఫారం లిట్టర్ (కోళ్ల కింద పరిచిన ఊక, రెట్ట) చౌక అని కొందరు చెబుతారు. నేనైతే వేయను. కోళ్ల దాణాలో రాగి కలిపి ఉంటే అది లిట్టర్‌లోకి వస్తుంది. గొర్రె కాలేయం ఆ రాగిని దాచుకుంటూ పోతుంది, పైకి తెలిసేసరికి పిల్ల మూత్రం ఎర్రగా పోస్తుంటుంది.