ఇంత తెలివుండీ ఇది రాయలేవా?

ఈ ప్రశ్న ఇప్పుడు మా ఇంట్లో నిషేధం. రెండేళ్ల కిందటి దాకా మూడు పూటలా అడిగింది నేనే.

మాది హిందూపురం, ఉండేది బెంగళూరు కాడుగోడిలో. మావాడికి తొమ్మిదేళ్లు. మెట్రో పట్టాల పక్కన థర్డ్ రైల్లో 750 వోల్టుల డీసీ కరెంటు ఎందుకు, మనింట్లోలాగా ఏసీ ఎందుకు పెట్టలేదు అని ఆరేళ్లప్పుడే అడిగాడు. అదే పిల్లాడు నాలుగు లైన్లు రాయడానికి గంట తీసుకుంటాడు, అదీ కోడి కెలికినట్టు. "బద్ధకం మేడమ్" అంది టీచరు. నేనూ నమ్మేశాను. పరీక్షలు చేయించాక తెలిసింది, ఆలోచన వయసుకు మించి ఉంది, రాతకు డిస్‌గ్రాఫియా ఉంది, అంటే తెలిసింది కూడా చేత్తో రాయడానికి రాని ఇబ్బంది. ఇలాంటి పిల్లల్ని ట్వైస్ ఎక్సెప్షనల్ అంటారు. తెలివి వాళ్ల ఇబ్బందిని కప్పేస్తుంది, ఇబ్బంది తెలివిని కప్పేస్తుంది. బయటివాళ్లకు కనిపించేది మామూలు మార్కుల పిల్లాడే.

అందుకే ముందు మన మాట మార్చుకోవాలి. పైన ఉన్న ప్రశ్న బదులు నేనిప్పుడు అనేది ఇది: "నీకు తెలుసురా, చేతికి రావట్లేదంతే. నోటితో చెప్పు, నేను రాస్తా." వాడు చెప్పింది చెప్పినట్టే రాస్తాను, సొంత తెలివి కలపను. తర్వాత అందులో వాడికి నచ్చిన రెండు లైన్లు వాడే రాస్తాడు. హోంవర్కు అంతా నేనే రాసేస్తున్నానని మా ఆయన మొదట్లో గొణిగాడు. తెలిసిందా లేదా అన్నది ఒక పని, రాయడం ఇంకో పని. రెండూ ఒకేసారి మీద పడేస్తే పిల్లాడు రెండిట్లోనూ మునుగుతాడు.

లెక్కల్లో ఇది మరీ బాగా కనిపిస్తుంది. 304లోంచి 178 పోతే ఎంతరా అంటే ఠక్కున 126 అంటాడు. కాగితం మీద పెట్టమంటే 178లో 8 వచ్చి సున్నా కింద కూర్చుంటుంది, అక్కణ్నుంచి అంతా తప్పే. దీనికి ఖర్చులేని మందొకటుంది. గీతల నోటుబుక్కును అడ్డంగా తిప్పండి. గీతలు నిలువుగా నిలబడతాయి, ఒకట్లు, పదులు, వందలు ఏ వరుసవి ఆ వరుసలో పడతాయి. నాలుగో రోజుకే తేడా తెలిసింది.

"స్కూల్లో ఏమైంది?" అని ఎదురుగా కూర్చుని అడిగితే మావాడి నోట్లోంచి ముక్క రాదు. మెట్రోలో పక్కపక్కన కూర్చుంటే వస్తుంది. బైయప్పనహళ్లి రాగానే, "2011 అక్టోబరులో మొదటి రైలు ఇక్కణ్నుంచే ఎంజీ రోడ్డుకు పోయిందమ్మా" అని మొదలుపెడతాడు (వందోసారి). నేను ఊఁ కొడతాను. ఇందిరానగర్ దాటాక, కిటికీలోంచి చూస్తూనే, "ఈరోజు నా నోట్సు అందరికీ చూపించి నవ్వారు" అంటాడు. అప్పుడు సలహా ఇవ్వకూడదు. "అయ్యో, కడుపు మండిపోయి ఉంటుందే" అంటే చాలు. మిగిలింది వాడే చెప్తాడు.

కోపంలో ఉన్నప్పుడు వాదనకు దిగారో, ఓడిపోయేది మీరే. ఈ పిల్లలు పుట్టు లాయర్లు. నియమం ఎందుకో చల్లబడ్డాక ఒకసారి చెప్పండి. మీకు తెలియని ప్రశ్న వేస్తే "తెలీదు నాయనా, చూద్దాం" అనండి. దబాయిస్తే ఇట్టే పట్టేస్తారు.

మూడు భాషలు కలగాపులగం అవుతున్నాయి, అందుకే రాయట్లేదు అని మాకు చాలామంది చెప్పారు. కన్నడ తలకట్టు తెలుగు అక్షరం మీద పెట్టేవాడు, నిజమే. కానీ ఆ సాకుతో ఏడాది పోగొట్టుకున్నాం. అనుమానం రాగానే క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. బెంగళూరులో మానసిక ఆరోగ్యానికి పెద్దాసుపత్రి నిమ్హాన్స్ ఉండనే ఉంది. రిపోర్టులో మొత్తం ఐక్యూ అంకె ఒక్కటే చూసి మడిచేయకండి. మాటలతో ఆలోచించే భాగానికి ఎంత వచ్చింది, వేగంగా చేసే భాగానికి ఎంత వచ్చింది, రెండిటి మధ్య ఎంత దూరముందో అడిగి తెలుసుకోండి. మావాడి సంగతంతా ఆ దూరంలోనే ఉంది.

స్కూలుకు నోటిమాటగా కాదు, ఉత్తరం రాసివ్వండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో స్పెసిఫిక్ లెర్నింగ్ డిసెబిలిటీ కూడా ఉంది, డిస్‌గ్రాఫియా దాని కిందికే వస్తుంది. సర్టిఫికెట్ ఉంటే సీబీఎస్ఈ బోర్డు పరీక్షల్లో గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం, స్క్రైబ్ (పిల్లాడు చెప్తే రాసిపెట్టే మనిషి) దొరుకుతాయి. అది పదో తరగతి మాట కదా అని ఊరుకోవద్దు. మేం ఇప్పుడే మూడు అడిగాం: క్లాసులో బోర్డు మీద రాసినదాన్ని ఫోటో తీసుకోవడం, నోటితో జవాబు, అక్షరాల అందానికి మార్కులు కోయకపోవడం. మొదటి రెండిటికీ ఒప్పుకున్నారు.

ఇంకొకటి. రాత బాగుపడేదాకా క్విజ్ వద్దు, మెట్రో పిచ్చి వద్దు అంటారు చూడండి, అది నాకు అస్సలు గిట్టదు. పిల్లాడు తలెత్తుకుని తిరిగేది అక్కడే. రాత బాగాలేని వారం కూడా జవహర్‌లాల్ నెహ్రూ ప్లానెటేరియానికి తీసుకెళ్తాను.

మా అత్తగారిది వేరే లెక్క. "మీ మామ కూడా ఇట్లే ఉండె. వడ్డీలన్నీ నోటిలెక్కతోనే కట్టేవాడు, సంతకం పెట్టమంటే చెమటలు" అంది. ఆ రోజు నుంచి మావాడు జేజిని, అదే వాళ్ల నాయనమ్మను, వదలడం లేదు.

ఇప్పుడు రోజూ పది నిమిషాలు టైపింగు నేర్చుకుంటున్నాడు. క్లాసులో కీబోర్డు వాడనిస్తారా లేదా అన్నది ఇంకా తేలలేదు. సోమవారం మళ్లీ వెళ్లి అడగాలి.