లైకులొచ్చాయి, పిల్లలు రాలేదు: డిగ్రీ అడ్మిషన్లలో సోషల్ మీడియా తిప్పలు

డిగ్రీ కాలేజీ లెక్చరర్లకు ఎండాకాలం సెలవులు పేరుకే. ఇంటర్ ఫలితాలు రాగానే పాంప్లెట్లు పట్టుకుని ఊళ్లు తిరగాలి. ఈమధ్య దానికి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ కూడా తోడయ్యాయి. స్టాఫ్ రూమ్‌లో మంచి కెమెరా ఉన్న ఫోన్ నాదే కావడంతో ఆ డ్యూటీ నా మెడకు చుట్టుకుంది. నేను పడ్డ తిప్పలు, వాటికి దొరికిన మందులు ఇక్కడ రాస్తున్నాను. మాది తెలంగాణలో దోస్త్ అనే ఆన్‌లైన్ అడ్మిషన్ల పద్ధతి ద్వారా సీట్లు నిండే కాలేజీ. ఆంధ్రాలో అలాంటిదే అయిన ఓఏఎండీసీ ద్వారా చేర్చుకునే కాలేజీలకు తేదీలు, పేర్లు వేరుగా ఉంటాయి కానీ తిప్పలు ఇవే.

పోస్టుకు బోలెడు లైకులు, గేటు దగ్గర ఒక్కరూ లేరు

ముందు ఆ లైకులు ఎవరివో చూడండి. చివరి పోస్టు తెరిచి ఒక 50 పేర్లు చదవండి. మా పేజీలో అలా చదివితే పాత విద్యార్థులు, స్టాఫ్, స్టాఫ్ బావమరుదులు తేలారు. ఇంటర్ పిల్లల జాడ లేదు. ఎందుకు లేదో ఆ పోస్టే చెబుతుంది: ముఖ్య అతిథికి శాలువా కప్పుతున్న ఫొటో. పదిహేడేళ్ల పిల్లకు ఆ శాలువాతో పనేముంది?

ఇంట్లోవాళ్లు అడిగేవి వేరు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కాబట్టి తల్లి ఇప్పుడు చార్జీ గురించి అడగదు, "సాయంత్రం ఆఖరి బస్సు ఎన్నింటికి సార్?" అంటుంది. మా సెకండియర్ అమ్మాయిలు ముగ్గురితో, ఇళ్లలో అడిగాకే, ఏ రూట్‌లో బస్సులు ఏ టైముకు ఉన్నాయో చెప్పించి చిన్న రీల్ తీశాం. లైకులు పెద్దగా రాలేదు. కానీ చుట్టుపక్కల ఊళ్ల వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. హాస్టల్, ల్యాబ్, బీకాం కంప్యూటర్స్ చేసి ఏం ఉద్యోగం చేయొచ్చు అన్న ప్రశ్నలకూ అలాగే ఒక్కో రీల్ చేశాం. శాలువాలకు ఇప్పుడు స్టేటస్‌లోనే చోటు.

బూస్ట్‌కు డబ్బులు పోశాం, ఫోన్ మోగలేదు

బూస్ట్ అంటే డబ్బు కట్టి పోస్టును యాడ్‌గా ఎక్కువమందికి చూపించడం. ఆ బటన్ నొక్కి, వచ్చిన సెట్టింగులకల్లా సరేనంటే చాలాసార్లు యాడ్ లైకుల కోసం పరుగెడుతుంది. గోల్ దగ్గర మెసేజ్‌లు ఎంచుకుని కాలేజీ వాట్సాప్ నంబర్ జతచేయండి. లొకేషన్‌లో రాష్ట్రమంతా పెడితే మహబూబ్‌నగర్ కాలేజీ యాడ్ ఆదిలాబాద్‌లో తిరుగుతుంది. మీ ఊరి చుట్టూ 30 కిలోమీటర్లు చాలు.

వయసు దగ్గర జాగ్రత్త. 18 నిండనివాళ్లకు వయసు, ప్రాంతం చూసి తప్ప ఆసక్తుల ఆధారంగా యాడ్ చూపడానికి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల యజమాని మెటా ఒప్పుకోదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా 18 లోపు వాళ్లను పిల్లలుగానే చూస్తుంది, వాళ్లను గురిపెట్టే ప్రకటనలు కూడదంటుంది. అందుకే డబ్బు పెట్టే యాడ్ 38 నుంచి 50 ఏళ్ల వాళ్లకు, అంటే అమ్మానాన్నలకు వేస్తాను. పిల్లలకు మామూలు రీల్స్ ఎలాగూ చేరతాయి.

ఎప్పుడు వేయాలన్నది ఇంకో సంగతి. ఇంటర్ ఫలితాలు 2024లో ఏప్రిల్ 24న, 2025లో ఏప్రిల్ 22న వచ్చాయి. ఆ రోజు నుంచి దోస్త్ మొదటి విడతలో పిల్లలు కాలేజీల ఆప్షన్లు పెట్టుకునే గడువు ముగిసేదాకానే అసలు సీజన్. జూన్‌లో తీరిగ్గా వేసే యాడ్‌కు పెట్టే డబ్బుతో క్లాసుల్లో రెండు ఫ్యాన్లు బాగుచేయించుకోవచ్చు.

ఫామ్‌లో నంబర్లు వచ్చాయి, ఎవరూ ఎత్తరు

యాడ్ చూసినవాళ్లు వివరాలు పంపే ఫేస్‌బుక్ లీడ్ ఫామ్‌లో పేరు, నంబర్ వాటంతటవే నిండుతాయి. వేలు తగిలి పంపినవాళ్లూ ఉంటారు, ఎప్పుడో వదిలేసిన నంబర్లూ ఉంటాయి. పంపే ముందు వివరాలు సరిచూసుకోమనే ఫామ్ రకం ఎంచుకోండి. "ఇంటర్‌లో ఏ గ్రూపు, ఏ ఊరు?" అని చేత్తో టైప్ చేయాల్సిన ప్రశ్న ఒకటి పెట్టండి. నంబర్లు తగ్గుతాయి, ప్రిన్సిపాల్ మొహం చిన్నబోతుంది, అయినా పెట్టండి. ముందు కాలేజీ పేరుతో వాట్సాప్ మెసేజ్ పంపి, అదే రోజు సాయంత్రం ఫోన్ చేయండి.

బ్రాడ్‌కాస్ట్ పంపాం, సగం మందికి చేరలేదు

వాట్సాప్‌లో ఒకే మెసేజ్‌ను చాలామందికి ఒకేసారి పంపే బ్రాడ్‌కాస్ట్, మీ నంబర్ సేవ్ చేసుకోనివాళ్లకు వెళ్లదు. లిస్టుకు 256 మందే పడతారు. ఎక్కడో సంపాదించిన నంబర్లకు విడివిడిగా పంపితే, వాళ్లు రిపోర్ట్ కొట్టి నంబరే బ్లాకైపోయే ప్రమాదం ఉంది. జూనియర్ కాలేజీలకు వెళ్లినప్పుడు క్యూఆర్ కోడ్ చూపించి, అక్కడికక్కడే సేవ్ చేయించండి. ఆ సిమ్ కాలేజీ పేరు మీద ఉండాలి. ఒక ఏడాది మా పేజీ, నంబర్ రెండూ గెస్ట్ లెక్చరర్ ఫోన్లో ఉండిపోయి, ఆయన వేరే చోటికి వెళ్లాక మే నెలంతా ఆయన వెంట తిరిగాం. పేజీ పూర్తి కంట్రోల్ కనీసం ఇద్దరికి ఇవ్వండి.

"ఫీజెంత సార్?" తర్వాత చాట్ ఆగిపోతోంది

నా లెక్కలో అడ్మిషన్లు ఎక్కువగా పోయేది ఇక్కడే. పాత చాట్లు తెరిచి చూస్తే మా జవాబు అన్నిచోట్లా ఒకటే: "ఒకసారి కాలేజీకి రండి, మాట్లాడదాం." అడిగినాయన 40 కిలోమీటర్ల దూరంలో కూలి పని చేసుకుంటున్నాడు. వస్తే ఆ రోజు కూలి పోతుంది. ఫీజు దాస్తున్నారంటే ఎక్కువే ఉంటుందనుకుని ఇంకో కాలేజీకి మెసేజ్ పెట్టాడు.

దాచకండి. ట్యూషన్ ఫీజు ఎంత, యూనివర్సిటీ పరీక్ష ఫీజు ఎంత, రీయింబర్స్‌మెంట్ కిందికి ఏది వస్తుంది, చేతి నుంచి ఎంత కట్టాలి అన్నది రాసి, వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లైగా, అంటే ఒక్క నొక్కుతో పంపే రెడీ జవాబుగా, దాచుకోండి. మీసేవలో తీసుకోవాల్సిన కులం, ఆదాయం సర్టిఫికెట్ల సంగతి కూడా అందులోనే ఉండాలి. మెసేజ్‌లు ఎక్కువగా వచ్చేది రాత్రి భోజనాల వేళ, మేం చూసేది మర్నాడు పదకొండింటికి. ఇప్పుడు లెక్చరర్లం వంతులేసుకుని రాత్రి పదిదాకా జవాబిస్తున్నాం. ఇంట్లో విసుక్కుంటారు, నిజమే.

చేరతామన్నారు, సీటు వేరే కాలేజీలో వచ్చింది

ఇది సోషల్ మీడియా తప్పు కాదు, కానీ దాంతోనే సరిచేయొచ్చు. 2016 నుంచి తెలంగాణలో డిగ్రీ సీట్లు దోస్త్‌లో మార్కులు, వెబ్ ఆప్షన్ల వరుసను బట్టే వస్తున్నాయి. మన కాలేజీని నాలుగో ఆప్షన్‌గా పెడితే, పైవాటిలో ఎక్కడ సీటు వస్తే అక్కడికే. సీటు వచ్చాక గడువులోగా ఆన్‌లైన్ సెల్ఫ్ రిపోర్టింగ్, అంటే ఆ సీటు ఖాయం చేసుకోవడం, చేయకపోతే అదీ పోతుంది. చాలామందికి ఈ సంగతి తెలియదు. రిజిస్ట్రేషన్‌కు ఆధార్‌తో లింకైన మొబైల్ కావాలి, తీరా చూస్తే ఆ సిమ్ పోయి ఏడాదై ఉంటుంది.

అందుకే ఏప్రిల్‌లోనే "ఆధార్‌కు ఏ నంబర్ లింకైందో చూసుకోండి" అని పోస్టు పెడతాం. ఆప్షన్లు మొదలైన రోజు కాలేజీ, కోర్సు కనిపించేలా స్క్రీన్ రికార్డింగ్, సీట్లు ప్రకటించిన రోజు సెల్ఫ్ రిపోర్టింగ్ ఆఖరి తేదీ. ఆ మూడు పోస్టులకు డిజైన్ కూడా అక్కర్లేదు. ఒక్కటి మాత్రం చేయొద్దు: "మేమే చేసిపెడతాం, ఓటీపీ చెప్పమ్మా" అనడం. పిల్లలకు తెలియకుండా ఆప్షన్లు పెట్టేయడం అలాగే మొదలవుతుంది.

పేజీ కింద తిట్టు కామెంట్ పడింది

డిలీట్ చేస్తే స్క్రీన్‌షాట్ తిరుగుతుంది. "100 శాతం ప్లేస్‌మెంట్స్" అని మీరే రాసుకుని ఉంటే తిట్టు న్యాయమే. ఆ మాట తీసేసి, ఎంతమందికి ఎక్కడ ఉద్యోగం వచ్చిందో రాయండి. మా పేజీలో ఒకబ్బాయి "వాటర్ కూలర్ పనిచేయదు, రీల్స్ మాత్రం చేస్తారు" అని రాశాడు. నిజమే, బాగుచేయిస్తున్నాం అని జవాబిచ్చాం. బాగైన రోజు ఆ కామెంట్ కిందే ఫొటో పెట్టాం.