పాత కారులో ఇంజిన్ ఫ్లష్ పోయించే ముందు ఆయిల్ మూత తీసి చూడండి

మా మామయ్యది పాత మారుతి 800. కావలిలో ఒక షెడ్డులో ఆయిల్ మార్చేటప్పుడు ఇంజిన్ ఫ్లష్ కూడా పోశారు, మంచి సర్వీసే చేశారనుకున్నాం. వారం తిరక్కుండా ఒంగోలు వెళ్తుంటే సింగరాయకొండ దాటాక ఎర్ర ఆయిల్ లైటు వెలిగింది. ఆయన వెంటనే పక్కకి తీసి ఇంజిన్ ఆపేశాడు, అందుకే అది బతికింది. గేజ్ కడ్డీ తీసి చూస్తే ఆయిల్ నిండుగానే ఉంది. తీరా ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్ దించాక తెలిసింది, పంపు ఆయిల్ పీల్చుకునే జాలీకి చింతపండు గుజ్జులా నల్లటి మడ్డి పట్టేసి ఉంది.

ఫ్లష్ అంటే మడ్డిని కరిగించే పల్చటి ద్రావకం. వేళకి ఆయిల్ మార్చిన ఇంజిన్‌కి దానివల్ల నష్టం లేదు, పెద్ద అవసరమూ లేదు. చిక్కంతా ఏళ్ల తరబడి మడ్డి పేరుకున్న ఇంజిన్లతోనే. అది పూర్తిగా కరగకుండా పెళ్లలుగా ఊడి జాలీకి అడ్డం పడుతుంది. టర్బో ఉన్న డీజిల్ బండైతే ఇంకా భయం, టర్బోకి ఆయిల్ వెళ్లే గొట్టం చాలా సన్నం. ఇక సీళ్ల సంగతి. పాత రబ్బరు సీళ్లు ముందే గట్టిపడి ఉంటాయి, ఇన్నాళ్లూ ఆ సందుల్ని మడ్డే మూసి ఉంచుతుంది, అది పోయాక కారడం మొదలవుతుంది.

అందుకే ముందు ఇంజిన్ చల్లారాక ఆయిల్ పోసే మూత తీసి, ఫోన్ లైటు వేసి లోపల చూడండి. గోధుమరంగు మరక మాత్రమే ఉంటే పర్లేదు. వేలితో గీకితే గ్రీజులా ముద్దగా వస్తే ఫ్లష్ జోలికి వెళ్లొద్దు. మూత కింద మీగడలా తెల్లగా ఉంటే అది నీటి తేమ, ఊళ్లోనే చిన్న చిన్న దూరాలు తిరిగే బండ్లకి వస్తుంటుంది, కానీ ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ కూడా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ పైనుండే హెడ్‌కీ మధ్య వేసే పొర) చూపించాల్సిందే.

సెకండ్ హ్యాండ్ బండి కొని దాని చరిత్ర తెలియకపోతే నా మాట ఇది: బండి పుస్తకంలో రాసిన గ్రేడు ఆయిల్, కొత్త ఫిల్టర్ వేయించి, 1500 నుంచి 2000 కిలోమీటర్లకే మళ్లీ మార్చండి, అలా రెండు మూడుసార్లు. మంచి ఆయిల్లోనే మురికిని వదిలించే రసాయనాలుంటాయి, అవి నిదానంగా పనిచేస్తాయి. మడ్డి మరీ ఎక్కువుంటే ఛాంబర్ దింపించి జాలీ కడిగించండి. ఖర్చు కొంచెం ఎక్కువే, కానీ ఇంజిన్ బోరుకొస్తే, అంటే మొత్తం విప్పి సిలిండర్లు బాగుచేయించాల్సి వస్తే, అయ్యేదాని ముందు అదెంత!

లోపల శుభ్రంగా ఉండీ ఫ్లష్ పోయించాలనుకుంటే దగ్గరుండి చేయించండి. వేడెక్కిన ఇంజిన్లో డబ్బా మీద రాసినంతే పోసి, రాసినన్ని నిమిషాలే, మామూలుగా 10 నుంచి 15, ఐడిల్లో ఉంచాలి. ఆయిల్ పల్చబడి ఉంటుంది కాబట్టి రేస్ చేయకూడదు, బండి నడపకూడదు. ఫ్లష్ బదులు డీజిల్, కిరోసిన్ పోస్తామంటే అస్సలు ఒప్పుకోవద్దు. వేడి మీదే మొత్తం కారనిచ్చి, ఫిల్టర్ కూడా మార్చాకే కొత్త ఆయిల్ పోయాలి.

ఆ రాత్రి బండి కింద ఒక అట్టముక్క పరిచి పొద్దున్నే చూడండి. మచ్చలు పడితే అవి ఇంజిన్ ముందు వైపా, గేర్‌బాక్స్ కలిసే చోటా అని గుర్తుపెట్టుకుని మెకానిక్‌కి చెప్పండి, ఒక నెలపాటు వారానికోసారి గేజ్ కడ్డీ తీసి చూస్తుండండి.