త్రిభుజం చుట్టుకొలత కనుక్కోవడం ఎలా?

త్రిభుజం మూడు భుజాల పొడవులనూ కలిపితే వచ్చేదే చుట్టుకొలత. భుజాలు 7, 9, 12 సెం.మీ. అయితే 7 + 9 + 12 = 28 సెం.మీ. కూడిక దగ్గర ఎవరూ పెద్దగా ఇబ్బంది పడరు. లెక్కలో ఇవ్వని భుజాన్ని రాబట్టడమే అసలు పని.

1. ముందు ఒక బొమ్మ గీసి, తెలిసిన కొలతలను ఆయా భుజాల పక్కన రాసుకోండి. అందంగా లేకపోయినా ఫర్వాలేదు, ఏది తెలుసో ఏది తెలియదో కంటికి కనిపిస్తే చాలు.

2. కొలతలన్నీ ఒకే ప్రమాణంలో ఉన్నాయో లేదో చూడండి. ఒక భుజం 1.2 మీటర్లు, మిగతావి 85, 70 సెం.మీ. అని ఇస్తే మొదటిదాన్ని 120 సెం.మీ.గా మార్చాకే కలపాలి. మొత్తం 275 సెం.మీ. జవాబులో చదరపు సెం.మీ. అని రాయకండి, అది వైశాల్యానికి.

3. త్రిభుజం ఏ రకమో గుర్తించండి. మూడు భుజాలూ సమానంగా ఉండే సమబాహు త్రిభుజమైతే ఒక భుజాన్ని 3తో గుణిస్తే సరిపోతుంది.

రెండు భుజాలు సమానంగా ఉండే సమద్విబాహు త్రిభుజం దగ్గర మాత్రం కాస్త ఆగి ఆలోచించాలి. "రెండు భుజాలు 4, 9 సెం.మీ. అయితే చుట్టుకొలత ఎంత?" అని అడిగారనుకోండి. మూడో భుజం 4 కావచ్చు, 9 కావచ్చు అనిపిస్తుంది. కానీ త్రిభుజంలో ఏ రెండు భుజాల మొత్తమైనా మూడోదానికంటే ఎక్కువ ఉండాలి. 4 + 4 = 8, ఇది 9 కంటే తక్కువ. ఆ రెండు భుజాల చివరలు అసలు కలుసుకోనే కలుసుకోవు! కాబట్టి మూడో భుజం 9, చుట్టుకొలత 22 సెం.మీ. పరీక్షల్లో చాలామంది తొందరపడి 17 అని రాసేది ఇక్కడే.

4. లంబకోణ త్రిభుజమైతే రెండు భుజాలు తెలిస్తే చాలు, మూడోది పైథాగరస్ సిద్ధాంతం ఇస్తుంది. లంబకోణం చేసే భుజాల వర్గాల మొత్తం కర్ణం (లంబకోణానికి ఎదురుగా ఉండే భుజం) వర్గానికి సమానం. కర్ణం 17, ఒక భుజం 8 అయితే 289 − 64 = 225. దాని వర్గమూలం 15. చుట్టుకొలత 8 + 15 + 17 = 40. తెలియనిది కర్ణమైతే వర్గాలను కూడాలి, వేరే భుజమైతే ఇలా తీసివేయాలి.

5. లంబకోణం లేకుండా రెండు భుజాలు, వాటి మధ్య కోణం ఇస్తే కొసైన్ సూత్రం వాడండి. భుజాలు 5, 8, మధ్య కోణం 60° అనుకుందాం. రెండు వర్గాల మొత్తం 25 + 64 = 89. కాస్ 60° విలువ 1/2 కాబట్టి అందులోంచి 2 × 5 × 8 × కాస్ 60°, అంటే 40 తీసేస్తే 49. దాని వర్గమూలం 7, అదే మూడో భుజం. చుట్టుకొలత 20.

చుట్టుకొలతే ఇచ్చి భుజం అడిగితే, తెలిసిన రెండు భుజాలనూ అందులోంచి తీసేయండి. వచ్చిన మూడు కొలతలతో నిజంగా త్రిభుజం ఏర్పడుతుందో లేదో ఒకసారి సరిచూసుకున్నాకే జవాబు రాయండి.