గోదారి ఎర్రనీరు రెజిన్‌లో ఇలా కుదిరింది

1852లో కాటన్ దొర పూర్తి చేయించిన ధవళేశ్వరం ఆనకట్టకు నమూనా చేస్తుంటే నీళ్ల దగ్గరే ఆగిపోయాను. నీళ్లలా కనిపించడానికి ఎపాక్సీ రెజిన్ (గట్టిపడ్డాక గాజులా ఉండే చిక్కటి ద్రవం) ఒకేసారి 2 సెంటీమీటర్ల మందాన పోశాను. అది వేడెక్కింది, అడుగున ప్లాస్టర్‌లోంచి బుడగలు తన్నుకొచ్చాయి.

రెండోసారి ప్లాస్టర్‌కు ముందే రెండు పూతలు వార్నిష్ వేశాను. రెజిన్ 3 మిల్లీమీటర్ల చొప్పున పోసి, పొరకూ పొరకూ మధ్య 24 గంటలు ఆగాను. ముసురు పట్టిన రోజు మాత్రం పోయకండి, తేమకు పైన తెల్లగా మసకేస్తుంది.

అసలు సంగతి రంగు. నీలం వేస్తే సముద్రంలా ఉంటుంది, మన గోదారిలా ఉండదు. వరద నీటి కోసం అడుగున జేగురు రంగు పూసి, లోతున్నచోట ముదురు చేశాను. రెజిన్‌లో ఒక్క చుక్క గోధుమ రంగు చాలు. ఆనకట్ట దిగువ నురగకు దూది పీచు, అక్రిలిక్ జెల్.