వాల్స్‌లో కల్సోటాడ: బార్సిలోనా నుంచి ఒక్కరోజు ట్రిప్పును ఎలా నడపాలి?

బార్సిలోనాలో ఉంటున్న తెలుగువాళ్లకు ఊరి నుంచి వచ్చిన చుట్టాలను తిప్పే పని ఎలాగూ తప్పదు. నాలుగు చర్చిలు, రెండు మ్యూజియాలు అయ్యాక "ఇక్కడివాళ్లు అసలేం తింటారు, ఎలా ఉంటారు, అది చూపించు" అంటారు. చలికాలమైతే దానికి జవాబు ఒక్కటే. కారెక్కించి తర్రగోనా జిల్లాలోని వాల్స్‌కి తీసుకెళ్లి కల్సోటాడ, అంటే మంటలో కాల్చిన కల్సోట్ల విందు, తినిపించాలి.

ఈ ట్రిప్పు చెడగొట్టేవాళ్లంతా చేసే తప్పు ఒక్కటే. ముందు చూడాల్సిన చోట్ల చిట్టా రాసుకుంటారు, భోజనాన్ని ఖాళీ దొరికిన చోట ఇరికిస్తారు. చేయాల్సింది దానికి తిరగేసి. భోజనం వేళను మేకు కొట్టినట్టు బిగించి, మిగతా రోజంతా దాని చుట్టూ కట్టాలి.

కల్సోట్ అంటే చూడ్డానికి లావుపాటి ఉల్లికాడ. తెల్ల ఉల్లిగడ్డను ఒకసారి పండించి, తవ్వి తీసి, వేసవి చివర్లో మళ్లీ నాటుతారు. ఒక్కో గడ్డ నుంచి నాలుగైదు, ఒక్కోసారి పది పిలకలు లేస్తాయి. అవి ఎదిగేకొద్దీ మొదళ్లకు మట్టి ఎగదోస్తూ పోతారు. ఎండ తగలని భాగం తెల్లగా, మెత్తగా, తియ్యగా సాగుతుంది. అలా మట్టి ఎగదోయడాన్ని కాటలాన్‌లో 'కల్సార్' అంటారు, పేరు అందులోంచే వచ్చింది. 'కల్సోట్ దె వాల్స్' అన్న భౌగోళిక గుర్తింపు ఉన్న సరుకులో తెల్లభాగం 15 నుంచి 25 సెంటీమీటర్ల పొడవు ఉండాలి. వేరు నుంచి 5 సెంటీమీటర్ల పైన కొలిస్తే లావు 1.7 నుంచి 2.5 సెంటీమీటర్లు. 19వ శతాబ్దం చివర్లో షాత్ దె బెనాయ్‌జెస్ అనే వాల్స్ రైతు వీటిని మొదట మంటలో కాల్చాడని చెప్పుకుంటారు. గ్రూపుకు ఈ మాత్రం చరిత్ర చాలు, మిగతాది నోరు చెబుతుంది.

మొదటి పని: రోజు ఎంచుకోవడం

సీజన్ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. ఫిబ్రవరి, మార్చి మొదటి సగం అన్నిటికంటే మంచిది. జనవరి చివరి ఆదివారం వాల్స్‌లో కల్సోటాడ పెద్ద పండగ జరుగుతుంది. ఆ రోజు గ్రూపును తీసుకెళ్లకండి, బండి పెట్టే చోటు వెతకడంలోనే పొద్దు గడిచిపోతుంది. ఉదయం చూడబోయే సాంతెస్ క్రెవుస్ మఠం సోమవారం మూసి ఉంటుంది. శని, ఆదివారాలు బార్సిలోనా కుటుంబాలతో హోటళ్లు కిటకిటలాడతాయి. మిగిలినవి మంగళవారం నుంచి శుక్రవారం. నవంబరులో కార్తీకమాసం నడుస్తుంటే పెద్దవాళ్లను ముందే అడగండి, చాలామంది ఉల్లి ముట్టరు. అసలెప్పుడూ ఉల్లి తిననివాళ్లకు మాత్రం ఈ ట్రిప్పు పెట్టకండి. వాళ్లను మోన్‌సెర్రాట్ కొండకు తీసుకెళ్లి, మతో అనే తాజా జున్నులో తేనె పోసి పెట్టించండి.

రెండో పని: హోటల్‌కు ఫోన్

ట్రిప్పు తప్పితే ఇక్కడే తప్పుతుంది. కనీసం పది రోజుల ముందు చేయండి. ఊళ్లోని హోటళ్ల కంటే చుట్టుపక్కల పొలాల్లో ఉండే మాసియాలు, అంటే పాతకాలపు రైతుల బంగళాలు, మేలు. మంట కళ్లముందే కనిపిస్తుంది. మామూలు రోజుల్లో వాటిలో చాలావరకు బుక్ చేసుకున్నవాళ్లకోసమే మంట పెడతాయి.

ఫోన్‌లో చెప్పాల్సిన మొదటి సంగతి వేళ. మధ్యాహ్నం ఒంటిగంటన్నర అనండి. మనవాళ్ల ఆకలి పన్నెండున్నరకే మొదలవుతుందని తెలుసు, కానీ అక్కడ పన్నెండున్నరకు వంటగదిలో మనిషే ఉండకపోవచ్చు. రెండున్నర అంటే పిల్లలు ఏడుపు మొదలుపెడతారు. ఆ వేళకు ఎందుకంత పట్టింపు అంటే, కల్సోట్లు కాల్చేది బొగ్గుల మీద కాదు, ద్రాక్షతీగల కత్తిరింపు పుల్లలతో లేచే పెద్ద మంట మీద. ఆ మంట నిలవదు, భగ్గుమని లేచి పావుగంటలో కూలిపోతుంది. జల్లెడ లాంటి ఇనుప చట్రం మీద కాడలను వరసగా పరిచి, అడుగు నల్లబడి కొసల్లో రసం బుడగలు కట్టగానే తిరగేస్తారు. తర్వాత పాత న్యూస్‌పేపర్లలో చుట్టేస్తారు. ఆ చుట్టలో పావుగంట మగ్గితేనే లోపలి కాడ వెన్నలా అవుతుంది. అరగంట పర్వాలేదు. గంట దాటిందంటే నీరు కారి, సాగి, పట్టుకుంటే తెగే పీచు మిగులుతుంది. మీరు నలభై నిమిషాలు ఆలస్యంగా వెళ్లి "ఇదేం వంట?" అంటే తప్పు వంటవాడిది కాదు. ఆలస్యమయ్యేలా ఉంటే దారిలోంచే ఫోన్ చేయండి, మంట ఆపుతారు. పెట్టాక ఎవరూ ఆపలేరు.

రెండో సంగతి లెక్క. అక్కడి మామూలు కొలత మనిషికి 20 నుంచి 25 కాడలు. మొదటిసారి తినేవాళ్లకు 15 చాలు, అంతకంటే ఎక్కువ చెప్పకండి. కల్సోట్లు ఆరంభం మాత్రమే. మంట కూలి నిప్పులయ్యాక వాటిమీదే బుటిఫార్రా అనే పంది సాసేజ్, గొర్రె మాంసం, ఆర్టిచోక్‌లు కాల్చి తెస్తారు. వాటితో తెల్ల చిక్కుడుగింజలు, ఆ తర్వాత నారింజపండు, క్రెమా కాటలానా అనే కస్టర్డ్, కావా అనే నురగ వైన్. బీఫ్, పోర్క్ తినని మాంసాహారులుంటే "గొర్రె, కోడి మాత్రమే" అని విడిగా చెప్పాలి. లేకపోతే పళ్లెం సగం పోర్కే వస్తుంది.

మూడోది శాకాహారం. ఇక్కడ ఓపిక పట్టండి. "వెజిటేరియన్" అన్న ఒక్కమాటతో సరిపెట్టినవాళ్లే తర్వాత బల్ల దగ్గర తలపట్టుకుంటారు. ఆ మాట విని నిజాయితీగానే తల ఊపి, సలాడ్‌లో టూనా వేసి తెచ్చే వంటిళ్లు ఉన్నాయి. కార్న్ అంటే వాళ్ల లెక్కలో మాంసం ముక్క. పెర్నిల్, అంటే ఎండబెట్టిన పంది తొడ, చాలామందికి మాంసం కింద లెక్కకే రాదు. అందుకే మాట మాట విడదీసి చెప్పండి: సెన్సె కార్న్, సెన్సె పెర్నిల్, సెన్సె పెష్, సెన్సె తునీనా. మాంసం వద్దు, పెర్నిల్ వద్దు, చేప వద్దు, టూనా వద్దు. 'సెన్సె' అంటే 'లేకుండా'. ఫోన్‌లో చెప్పాక అదే మెసేజ్‌గా పంపండి, బల్ల దగ్గర కూర్చున్నాక మూడోసారి చెప్పండి. మూడుసార్లూ చెప్పాలి.

అయినా కొన్ని జారతాయి. తెల్ల చిక్కుళ్లను పందికొవ్వులోనో బుటిఫార్రా వేయించిన పెనం మీదో తిప్పుతారు, ఆలివ్ నూనెలో విడిగా చేయమనండి. కాల్చిన వంకాయ, క్యాప్సికంల ఎస్కలివాడా మనవాళ్లకు ప్రాణం లేచొచ్చే వంటకం, దాని మీద ఆంకోవీ చేపలు పరిచేస్తారు. ఆలియోలి అనే సాస్ అసలు వెల్లుల్లి, నూనెలే, ఇప్పుడు చాలాచోట్ల గుడ్డు కలుస్తోంది. క్రెమా కాటలానాలో గుడ్డు సొన తప్పదు. గుడ్డు తిననివాళ్లకు 'పోస్త్రె దె మూజిక్' అడగండి, బాదం, హేజెల్‌నట్, ఎండు ద్రాక్షలు, పక్కన చిన్న గ్లాసు తియ్యటి మస్కట్ వైన్. ఇనుప చట్రం మీద నిన్న మాంసం కాల్చి ఉండొచ్చు. మడి పట్టింపు ఉన్నవాళ్లకు ఆ నిజం ముందే చెప్పండి. ఆలుగడ్డలు, ఆర్టిచోక్‌లు ఫాయిల్‌లో చుట్టి నిప్పుల్లో పెట్టమంటే ఆ చిక్కు కొంత తీరుతుంది.

ఎలర్జీ సంగతి చివర్లో చెప్పినా అది అన్నిటికంటే పెద్దది. కల్సోట్లతో వచ్చే సాస్‌లో బాదం, హేజెల్‌నట్ ఉంటాయి. చాలాచోట్ల వేయించిన బ్రెడ్ కూడా రుబ్బుతారు. గింజల ఎలర్జీ ఉన్న పిల్లాడు ఒక్కడున్నా మొదటి ఫోన్‌లోనే చెప్పాలి.

బండి, సామాన్లు

రైలు ఉంది కానీ పొలంలోని మాసియాకు, మఠానికి అది చేర్చదు. వ్యాన్ మాట్లాడండి. ఏపీ-7, ఏపీ-2 రోడ్ల మీద 2021 ఆగస్టు చివర్లో టోల్ ఎత్తేశారు, ఇంకా టోల్ లెక్క కట్టి డబ్బు అడిగే డ్రైవరుంటే వేరేవాణ్ణి చూసుకోండి. తడి తుడుపు కాగితాలు, తాగే నీళ్లు, ముదురు రంగు బట్టలు. పట్టుచీరలు, పొడవాటి దుపట్టాలు ఆ రోజుకు వద్దు.

ఉదయం: సాంతెస్ క్రెవుస్

తొమ్మిదింటికి బయలుదేరితే గంటా పావులో మఠం. ఆ ప్రాంతంలోనే ఉన్న పొబ్లెట్ మఠం యునెస్కో జాబితాలో ఉందని అందరూ అక్కడికే పరుగెడతారు. గ్రూపుకు సాంతెస్ క్రెవుసే సరైనది. పొబ్లెట్‌లో సన్యాసులు ఇప్పటికీ ఉంటున్నారు, మధ్యాహ్నం తలుపులు మూస్తారు, మాట్లాడే గొంతు కూడా చూసుకోవాలి. ఇక్కడ 1835 తర్వాత సన్యాసుల మఠం లేదు, నిదానంగా తిరగొచ్చు.

అక్కడ గంటన్నర చాలు. చర్చిలో రెండు రాజసమాధులున్నాయి, సగం సమయం అరగాన్ రాజు పేరె (పేరె ది గ్రేట్) సమాధి దగ్గరే గడపండి. 1285లో చనిపోయిన ఆ రాజును ముదురు ఎరుపు పోర్ఫిరీ రాతి తొట్టెలో పెట్టారు. అది రోమన్ల కాలపు స్నానపు తొట్టె. చెక్కడానికి అంత తేలిగ్గా లొంగని రాయి అది, దాని నునుపు చూపించండి. మిగతా అరగాన్ రాజుల సమాధులను దోచుకున్నా దీన్ని మాత్రం ఎవరూ తెరవలేకపోయారని 2010లో పరిశోధకులు తేల్చారు. ఒక చిక్కుంది: కాటలాన్ లెక్కలో ఆయన రెండో పేరె, అరగాన్ లెక్కలో మూడో పేద్రో. బోర్డు మీద ఒకటి, ఫోన్‌లో ఒకటి చూసి ఎవరో ఒకరు మీ తప్పు పట్టుకున్నామనుకుంటారు, ముందే చెప్పేయండి. ఇలాంటి ముఖ్యమైన కట్టడాల లోపల గ్రూపుకు వివరించాలంటే కాటలోనియా ప్రభుత్వ గుర్తింపు ఉన్న గైడ్ కావాలి. మీకు ఆ కార్డు లేకపోతే అక్కడి గైడ్‌ను మాట్లాడుకోండి, చుట్టాలే అయినా గుంపు ముందు నిలబడి ఉపన్యాసం ఇవ్వకండి.

పన్నెండుంబావుకు బండి కదలాలి. టాయిలెట్లు, ఫొటోలు పన్నెండుకే ముగించండి. వాల్స్ ఇరవై ఐదు నిమిషాల దూరం. బ్లాట్ చౌరస్తాలో పది నిమిషాలు ఆగండి, మానవ గోపురాలు కట్టే కస్టెల్‌ల పుట్టిల్లు అది. కస్టెల్‌లు 2010లో యునెస్కో జాబితాకెక్కాయి, కానీ సీజన్ నవంబరుతో ముగుస్తుంది. చలికాలం గ్రూపుకు "గోపురం చూపిస్తాం" అని మాట ఇవ్వకండి.

బల్ల దగ్గర

కల్సోట్లు వేడి నిలవడానికి వంపు తిరిగిన మట్టి పెంకు మీద పేర్చి తెస్తారు. మెడకు కట్టుకునే గుడ్డ కూడా ఇస్తారు, మొహమాటపడకుండా అందరిచేతా కట్టించండి. తర్వాత మీరొక్కరే నిలబడి ఒకటి ఒలిచి చూపండి, చూడకముందే చేతులు పెట్టనివ్వకండి.

ఎడమచేత్తో నల్లబడ్డ మొదలును వేళ్ల మధ్య నొక్కి పట్టాలి. కుడిచేత్తో పైన ఆకుల గుత్తిలో నడిమివి రెండు మూడు మాత్రమే దొరకబుచ్చుకుని నిదానంగా పైకి లాగాలి. మసి తొడుగు ఎడమచేతిలో ఉండిపోయి, లోపలి తెల్ల కాడ ఆవిరి కక్కుతూ కత్తి ఒరలోంచి వచ్చినట్టు జారి వస్తుంది. పై ఆకులు పట్టుకుంటే తొడుగుతో సహా వస్తుంది. అరటిపండులా ఒలిస్తే వేళ్ల మసి అంతా తెలుపుకు అంటుతుంది. రాకపోతే కాడ చల్లారింది లేదా ఉడకలేదు, దాన్ని పక్కన పడేసి ఇంకోటి తీసుకోండి.

కాడను సాస్‌లో ముంచి ఒక తిప్పు తిప్పి, తల వెనక్కి వాల్చి, పైనుంచి నోట్లోకి దించుకోవాలి. ఆకుపచ్చ మొదలయ్యే చోట కొరికి మిగతాది వదిలేయాలి. ప్లేటులో పెట్టి ఫోర్క్‌తో కోయడం కల్సోట్‌ను అవమానించడమే. సాస్ గిన్నె మనిషికొకటి అడగండి, కొరికింది మళ్లీ ముంచితే ఎంగిలవుతుందని మనవాళ్లు చేయి వెనక్కి తీసుకుంటారు. ఆ సాస్‌ను అక్కడ సాల్వి‌చాడా అంటారు, రొమెస్కో అనే గింజల సాస్‌కు తోబుట్టువు. అందులో వేసే న్యోరా అనే గుండ్రటి ఎండుమిర్చి మన బ్యాడిగి లాంటిది, రంగెక్కువ, కారం తక్కువ. "ఇది పచ్చడే కదా" అని ఎవరో ఒకరు అంటారు, తప్పేం లేదు.

వైన్ పొర్రోలో వస్తుంది, సన్నటి కొమ్మున్న గాజు కూజా. బల్లంతా దానితోనే తాగినా పెదవి తగలదు. చెంబు ఎత్తి నీళ్లు పోసుకుని తాగే అలవాటున్నవాళ్లకు ఇది రెండు నిమిషాల్లో వస్తుంది. ముందు కొమ్మును నోటికి దగ్గరగా పెట్టి వంచాలి, ధార మొదలయ్యాక చేయి దూరం జరపాలి, ఆపేటప్పుడు మళ్లీ దగ్గరకు తెచ్చి ఒక్కసారిగా పైకెత్తాలి. అందరూ తప్పేది ఆ చివరి ఎత్తులోనే, చొక్కా తడిచేదీ అక్కడే. డ్రైవర్‌కు పొర్రో అందనివ్వకండి.

చేతుల మసిని ముందు పొడి కాగితంతో తుడిచాకే తడి కాగితం. తిరగేస్తే సాస్ నూనెతో కలిసి మోచేతుల దాకా పాకుతుంది.

తర్వాత

భోజనానికి రెండున్నర గంటలు ఇవ్వండి, తొందరపెట్టకండి. నాలుగున్నరకు బయలుదేరితే దగ్గర్లోని నూల్యెస్ ఊరి సహకార సంఘం వైన్ తయారీ కట్టడం చూడొచ్చు, ముందుగా బుక్ చేయాలి. కట్టిన సెజార్ మార్తినెల్ 1888లో వాల్స్‌లోనే పుట్టాడు, గౌడీ శిష్యుడు. లోపలి ఇటుక కమానుల కింద నిలబెట్టి పైకి చూడమనండి, అంతకంటే చెప్పాల్సింది లేదు. ఏడున్నరకు బార్సిలోనా.

సాస్ సీసాలు కొన్నవాళ్లకు విమానంలో చేతి సంచిలో పెట్టొద్దని చెప్పండి, 100 మిల్లీలీటర్లు దాటితే సెక్యూరిటీ దగ్గర తీసేయొచ్చు. చెక్-ఇన్ పెట్టెలో, బట్టల మధ్య. తాజా కల్సోట్ల కట్టలు మాత్రం ఇండియాకు మోయనివ్వకండి, మొక్కల క్వారంటైన్ దగ్గర ఆగిపోతాయి.